ఆ గడిలో 'లేదు' అని రాసే ముందు

తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,



అడవి భూమిని రోడ్డుకో, కరెంటు లైనుకో, నీళ్ల పైపులకో మళ్లించాలంటే ఒక దరఖాస్తు పెట్టాలి. అందులో కొంత భాగం భూమి అడిగినవాళ్లు నింపుతారు, కొంత మీ శాఖ అధికారి నింపుతారు. అధికారి నింపే భాగంలో ఓ ప్రశ్న ఉంటుంది. ఆ స్థలంలో రక్షిత పురావస్తు కట్టడం గానీ, వారసత్వ స్థలం గానీ, మరేదైనా ముఖ్యమైన స్మారకం గానీ ఉందా అని. అక్కడ 'లేదు' అని రాయడానికి ఎవరూ అడవిలో అడుగు పెట్టక్కర్లేదు. రక్షిత కట్టడాల జాబితా తిరగేస్తే చాలు. అధికారి అబద్ధం రాసినట్టు కాదు, అడిగినదానికి నిజమే రాశారు. ఆ నేల మీద ఎవరూ నడిచి చూడలేదన్న సంగతి మాత్రం ఏ గడిలోనూ పడదు.

ఈ ఉత్తరం ఆ నడక గురించి.

నాది ములుగు ప్రాంతం. నైరుతి అమెరికాలో, కొలరాడో, యూటా, అరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోటికి దగ్గర్లో ఉన్న ఒక రక్షిత పార్కులో సీజనల్ ఆర్కియాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఎండలు ముదిరే ముందు చేరి, మంచు పడే వేళకు దిగిపోయే ఉద్యోగం. మళ్లీ ఏడాది పిలుపు వస్తే వెళ్తాం, రాకపోతే లేదు. ఈ ఉద్యోగంలో మన అడవులకు పనికొచ్చే సంగతులు చాలా ఉన్నాయి, పనికిరానివీ ఉన్నాయి. రెండూ రాస్తాను.

పురావస్తు పని అనగానే మన దగ్గర తవ్వకమే గుర్తొస్తుంది. మేం పార పట్టే రోజులు తక్కువ. నడవడమే పని. నలుగురం గానీ ఐదుగురం గానీ పది, పదిహేను మీటర్ల ఎడంతో వరసగా నిలబడతాం. దిక్సూచి చూసుకుని అందరం ఒకే దిక్కుకు కదులుతాం. ముందు వాగు వచ్చినా ముళ్లపొద వచ్చినా వరస తప్పకూడదు. కళ్లు నేల మీదే ఉంటాయి. ఎవరికైనా ఏదైనా కనబడితే కేకేస్తారు, అందరూ ఆగుతారు. కనబడ్డ ప్రతి వస్తువు పక్కనా సన్నని తీగకు కట్టిన చిన్న రంగు జెండా గుచ్చుతాం. పది జెండాలు దగ్గర దగ్గరగా లేచాయంటే అక్కడ మనుషులు కాపురం ఉన్నారన్నమాట. అప్పుడు మూటలు దింపి, ఫారం తీసి, కొలతలు మొదలుపెడతాం.

ఒక్కో వస్తువు దగ్గర ఎంతసేపు కూర్చుంటామో చెప్తే తప్ప ఈ పని అర్థం కాదు. బొటనవేలి గోరంత కుండ పెంకు ఒకటి దొరికిందనుకోండి. తెల్లని పూత మీద నల్లని సన్న గీతలు. ఆ నలుపు రాతిపొడితో వచ్చింది కాదు, ఓ మొక్కను ఉడకబెట్టి చిక్కబరిచిన రసంతో గీసి కాల్చింది. విరిగిన అంచును భూతద్దం కింద పెడితే బూడిద రంగు మట్టిలో మరో రంగు రేణువులు మెరుస్తాయి. పాత కుండ పగిలితే ఆ పెంకుల్ని దంచి కొత్త కుండ మట్టిలో కలిపేవాళ్లు, కాల్చినప్పుడు పగలకుండా. అంటే ఆ గోరంత పెంకులో ఒక తల్లి వాడి పగలగొట్టిన కుండా ఉంది, కూతురు చేసిన కుండా ఉంది. గీతల తీరును బట్టి అది 13వ శతాబ్దం నాటిదని చెప్పొచ్చు. ఫొటో తీస్తాం, కొలుస్తాం, జీపీఎస్ గుర్తు పెడతాం, ఫారంలో నాలుగు ముక్కలు రాస్తాం. తర్వాత దాన్ని తీసిన చోటే, ఏ వైపు పైకి ఉందో ఆ వైపే పైకి పెట్టి లేస్తాం. జేబులో వేసుకున్న పెంకు ఎంత అందమైనదైనా దేనికీ సాక్ష్యం కాదు. ఏ పెంకు పక్కన ఏ పెంకు, ఏ పొయ్యి పక్కన ఏ నూరుడు రాయి ఉందన్నదే మాకు కావాల్సింది.

మాకు ఈ నడక పని తెచ్చిపెట్టేది ఒక చట్టం. 1966లో వచ్చిన జాతీయ చారిత్రక సంరక్షణ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ సంస్థ ఏదైనా తన భూమిలో పని తలపెడితే, ఆ పని వల్ల చారిత్రక స్థలాలకు ఏమవుతుందో ముందే చూసుకోవాలి. ఇప్పటికే జాబితాకెక్కిన స్థలాలు మాత్రమే కాదు, జాబితాకెక్కే అర్హత ఉన్నవి కూడా. అర్హత ఉందో లేదో తేలాలంటే ముందు అవి కనబడాలి. కనబడాలంటే ఎవరో ఒకరు నడవాలి. పార్కులో సూచిక బోర్డు పాతడానికి గుంత తీయాలన్నా, మరుగుదొడ్డి కట్టాలన్నా, కాలిబాట రెండడుగులు జరపాలన్నా, ఎండుగడ్డి ముందుగా తగలబెట్టాలన్నా ఆ కాగితం మా బల్ల మీదికి వస్తుంది. మేం వెళ్లి చూసి వచ్చాకే జేసీబీ కదులుతుంది. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు, పని సాగిపోతుంది. ఉంటే గుంతను పది అడుగులు పక్కకు జరుపుతారు. ఏళ్ల తరబడి ఆగిపోయిన పని నేనెప్పుడూ చూడలేదు. పది అడుగులు జరిగిన పనులు మాత్రం ఎన్నో చూశాను.

మన ఫారానికీ వాళ్ల చట్టానికీ తేడా అదొక్కటే. మనం జాబితాను అడుగుతాం, వాళ్లు నేలను అడుగుతారు.

నేలను అడిగితే ఏం జరుగుతుందో చెప్పడానికి కొలరాడోలోని మెసా వర్డే జాతీయ పార్కు కథ చాలు. 1906లో ఏర్పడింది. కొండ చరియల కింద రాతితో కట్టిన ఇళ్లున్న చోటు. వాటిలో పెద్దదైన క్లిఫ్ ప్యాలెస్‌లో దాదాపు 150 గదులుంటాయి. 13వ శతాబ్దం చివర కరువు పట్టి పీడించిన ఏళ్లలో అక్కడి జనం ఊళ్లు వదిలి దక్షిణానికి వెళ్లిపోయారు. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా మొదలుపెట్టినప్పుడే అందులో చేరిన పార్కు అది. అలాంటి చోట, నూరేళ్లుగా పండితులు తిరిగిన చోట, ఇంక కొత్తగా కనిపెట్టడానికి ఏముంటుంది అనిపిస్తుంది. 1996 నుంచి 2003 దాకా వరసగా పెద్ద మంటలొచ్చి పార్కులో సగానికి పైగా కాలిపోయింది. మంటలు ఆరిన వెంటనే పురావస్తు జట్లు బూడిదలో నడిచాయి. పొదల కింద ఇన్నాళ్లూ దాగిన నివాసాలు, నీరు నిలిపే చెక్‌డ్యాముల్లాంటి రాతి కట్టలు, పొలం గట్లు వందల సంఖ్యలో బయటపడ్డాయి. ఇప్పుడు అక్కడ నమోదైన స్థలాలు దాదాపు 5 వేలు. అందులో చరియల కింద ఇళ్లు 600 మాత్రమే. మిగతావన్నీ ఎవరూ ఫొటో తీసుకోనివి, టికెట్టు పెట్టనివి.

అదే మంటల్లో పోయినవీ ఉన్నాయి. 1996 మంట వేడికి బ్యాటిల్‌షిప్ రాక్ అనే బండ పెచ్చులూడి, దాని మీద చెక్కిన బొమ్మలు చెడిపోయాయి. అందుకే మంటలార్పే దళాలతో పాటు పురావస్తు మనుషులు కూడా వెళ్తారు. బుల్‌డోజరు మంటకు అడ్డంగా గీత తవ్వుతుంటే, దాని ముందు నడుస్తూ ఇటు కాదు అటు అని దారి చూపుతారు. పొగలో, హెల్మెట్ పెట్టుకుని. మంట ఆపడం ఆలస్యం కాకూడదు, గోడ మీదికి డోజరు ఎక్కకూడదు. ఆ రెండూ ఒకేసారి చూసుకోగల మనిషి అక్కడ ఉండాలి.

ఇక మన వైపు వస్తాను.

ములుగు జిల్లాలో రామప్ప గుడి 2021లో యునెస్కో జాబితాకెక్కింది. మనందరికీ గర్వం. అదే జిల్లాలో 1950ల మొదట్లోనే అభయారణ్యంగా ప్రకటించిన ఏటూరునాగారం అడవి ఉంది. తాడ్వాయి మండలం దామెరవాయి దగ్గర కొండ మీద పెద్ద పెద్ద రాతి పలకలు నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పిన సమాధులున్నాయి. మా వైపు రాకాసి గుళ్లంటారు. ఇనుప యుగం నాటివి. కప్పు పలక కింద రాతి తొట్టి ఉంటుంది, అందులో చనిపోయినవారి ఎముకలు పెట్టేవారు. వాటి గురించి పత్రికల్లో వచ్చింది, పరిశోధకులు రాశారు, కుర్రాళ్లు వీడియోలు తీశారు. కాబట్టి వాటికి ఏదైనా అయితే కనీసం ఎవరో ఒకరు అరుస్తారు. నా బాధ ఆ కొండ గురించి కాదు. పలకలు కొట్టినవాళ్లు ఎక్కడో కాపురం ఉండి ఉంటారు. ఎక్కడో ఇనుము కరిగించి ఉంటారు. ఎక్కడో గొడ్లు కట్టేసి ఉంటారు. ఆ ఊరు కొండ మీద నిటారుగా నిలబడి మనల్ని పిలవదు. టేకు ఆకుల కింద గుప్పెడు నల్లా ఎర్రా పెంకులుగా, రెండు ముక్కల చిట్టెంగా పడి ఉంటుంది. జేసీబీ డ్రైవరుకు అది రాళ్ల కుప్ప.

జేసీబీ అడవిలోకి రోడ్డు కోసమే వస్తుందనుకుంటే పొరపాటు. మీ శాఖ పనుల కోసమే ఎక్కువ వస్తుంది. అడవి హద్దు వెంట కందకం. జంతువుల దప్పిక తీర్చడానికి సాసర్ పిట్. ఊట కుంట. మొక్కలు నాటడానికి గుంతలు. వేసవికి ముందు ఫైర్ లైన్. బేస్ క్యాంపు, వాచ్ టవర్. ఇవన్నీ అడవికి అవసరమైనవే, ఎక్కడా ఒక్క మాట కాదనను. కానీ ఇవి అడవి పనులు కాబట్టి భూమి మళ్లింపు దరఖాస్తు దాకా కూడా పోవు. ఆ 'లేదు' అనే గడి కూడా వీటికి ఎదురు కాదు. పైగా నీళ్లు నిలిచే పల్లం, వాగు మలుపు, చుట్టుపక్కల కనబడే మిట్ట, వీటినే మనం కుంటకూ టవరుకూ ఎంచుకుంటాం. మూడు వేల ఏళ్ల కిందటి మనిషీ కాపురానికి వాటినే ఎంచుకున్నాడు. తవ్వడానికి మంచి చోటు అనిపించిన ప్రతి చోటా పాత ఊరు ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ. మేడారం జాతరకు రెండేళ్లకోసారి జరిగే ఏర్పాట్లూ ఇంతే. కోటిమంది వచ్చే చోట రోడ్లు వేయాలి, పార్కింగుకు నేల చదును చేయాలి, చేయకుండా కుదరదు. చదును చేసే ముందు నలుగురు మనుషులు రెండు రోజులు ఆ నేల మీద నడిస్తే జాతర ఆగదు.

2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో పెనుగాలికి వేలాది చెట్లు కూలాయి. ఫొటోలు చూసి నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. మా అడవి అది. చెట్లు వేళ్లతో సహా పైకి లేచిపోయాయి. ఇక్కడ నేను పనిచేసే చోట జునిపర్ చెట్టు అలా కూలితే మేం తప్పకుండా వెళ్లి చూస్తాం. ఎందుకంటే పైకి లేచిన వేళ్ల మధ్య మీటరు లోతు మట్టి గోడలా నిలబడి ఉంటుంది. వానకు కడిగితే అందులోంచి బూడిద పొర, రాతి పెచ్చులు, పెంకులు కనబడతాయి. మనం తవ్వకుండానే చెట్టు తవ్వి చూపించిందన్నమాట. రెండు మూడు వానాకాలాలు గడిస్తే ఆ మట్టి మళ్లీ గుంతలోకి జారి కలిసిపోతుంది, పై పొర కింది పొర అనే తేడా చెరిగిపోతుంది. అలాంటి విపత్తు జరిగినప్పుడు చెట్ల నిపుణులతో పాటు పురావస్తు మనిషి కూడా మొదటి నెలలోనే అక్కడికి చేరాలి. ఇంకోసారి ఎప్పుడైనా అలా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలన్నది మీ శాఖలో ముందే రాసిపెట్టి ఉండాలి.

ఇది అమెరికా ముచ్చట, మన దగ్గర పులుల అడవిలో కుదరదు అనేవారికి మధ్యప్రదేశ్‌ను చూపిస్తాను. బాంధవ్‌గఢ్ పులుల అభయారణ్యంలో భారత పురావస్తు శాఖ 2022లో సర్వే చేసింది. అంతకుముందు అక్కడ అలాంటి పరిశీలన జరిగింది 1938లో. తాలా రేంజిలో దాదాపు 170 చదరపు కిలోమీటర్లు తిరిగి, 26 గుహలు, 26 గుళ్లు, 46 శిల్పాలు, బ్రాహ్మీ శాసనాలు నమోదు చేశారు. దేశంలో పులులు బాగా ఉన్న అడవుల్లో అదొకటి. అటవీ సిబ్బంది తోడుగా వెళ్తే పురావస్తు జట్టు పని చేసుకుని క్షేమంగా తిరిగొచ్చింది. ఎనభై నాలుగేళ్ల విరామం పులి వల్ల వచ్చింది కాదు, రెండు శాఖలు ఒక బల్ల దగ్గర కూర్చోకపోవడం వల్ల వచ్చింది.

మన నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. ప్రతాపరుద్రుడి కోట గోడలు అందులోనే ఉన్నాయి. అవతల ఒడ్డున నాగార్జునకొండ. నాగార్జునసాగర్ నీళ్లు నిండకముందు 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి కాబట్టి పాత రాతియుగం నుంచి ఇక్ష్వాకుల నగరం దాకా మనకు తెలిసింది. లోయలో అంత కథ ఉంటే, ఆ లోయ వాళ్లు కట్టెకూ తేనెకూ వేటకూ ఎక్కిన కొండల మీద ఏమీ లేకుండా ఉంటుందా? నాగార్జునకొండకు ముంపు గడువు ఉంది కాబట్టి జనం పరుగెత్తారు. అడవికి అలాంటి గడువు కనబడదు. ఒక్కో కుంట, ఒక్కో కందకం, ఒక్కో రోడ్డుగా కరిగిపోతుంది.

ఈ నడకకు కొత్త శాఖ అక్కర్లేదు. అడవిలో ప్రతి బీటూ నడిచే మనుషులు మీకు ఇప్పటికే ఉన్నారు. నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనలో బీట్ ఆఫీసర్లు కిలోమీటర్ల కొద్దీ ట్రాన్సెక్టులు నడుస్తారు. అడుగుజాడ, పెంటిక, గోళ్ల గీతలు చూసి ఎంస్ట్రైప్స్ యాప్‌లో ఎక్కిస్తారు. నేల చూసే కన్ను వాళ్లకు మాకంటే తక్కువేం కాదు. ఆ నడకలోనే మరో నాలుగు గుర్తులు నమోదు చేయడానికి వీలు కల్పించండి: రాతి కట్టడం, కుండ పెంకులు, ఇనుప చిట్టెం, బండ మీద బొమ్మలు. బొమ్మలంటే గుర్తొచ్చింది, భూపాలపల్లి జిల్లాలో పాండవుల గుట్ట రాతి చిత్రాల సంగతి పరిశోధకుల కంట పడింది 1990లోనే. అడవిలో మేకలు కాసేవాళ్లకు అంతకు ఎన్ని తరాల ముందు నుంచి తెలుసో. తెలిసినవాళ్లను అడిగే పద్ధతి మనకు లేదు, అంతే.

బీట్ ఆఫీసరు చూసినదాన్ని నిర్ధారించడానికి మాత్రం చదువుకున్న మనిషి కావాలి. అక్కడే నేను సీజనల్ ఉద్యోగం అడుగుతున్నాను. మన అడవిలో నేల కనబడే కాలం ఉంది. డిసెంబరులో పొదలు సన్నబడతాయి, ఫిబ్రవరికి టేకు ఆకు రాలుతుంది, తునికాకు కోత అయ్యేదాకా చూపు ఆనుతుంది. వానలు పడితే మళ్లీ ఏమీ కనబడదు. మంటల కాలానికి ఫైర్ వాచర్లను తీసుకుంటున్నారు కదా, ఆ కాలానికే రేంజికి ఒక చిన్న పురావస్తు జట్టును తీసుకోండి. ఉస్మానియాలో, మిగతా విశ్వవిద్యాలయాల్లో ఈ చదువు చదివి, ఆ తర్వాత ఏం చేయాలో తోచక పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకున్న పిల్లలు ఉన్నారు. అడవిలో పని అంటే పరుగెత్తుకుంటూ వస్తారు.

అయితే అమెరికా సీజనల్ ఉద్యోగంలో ఒక చెడ్డ గుణం ఉంది. అది మాత్రం తెచ్చుకోకండి. తాత్కాలిక సీజనల్ ఉద్యోగికి ఏడాదిలో 1,039 గంటలకు మించి పని ఇవ్వకూడదని ఇక్కడ నిబంధన. అంటే ఆరు నెలలు. ఆ తర్వాత మనిషి వెళ్లిపోతాడు, బుర్రలో ఉన్నది అతనితోపాటే పోతుంది. ఏ చరియ కింద ఏ గోడ పగుళ్లిస్తోంది, ఏ వాగు ఒడ్డు కోసుకుపోతోంది అన్నది ఫారంలో కొంతే పడుతుంది. వరసగా మూడేళ్లు ఒకే గోడను చూసినవాడికి పగులు పెరిగిందని చూడగానే తెలుస్తుంది, కొత్తవాడు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని వెతుక్కోవాలి. 2025 జనవరిలో ఫెడరల్ ఉద్యోగాల భర్తీ ఆపేసినప్పుడు, చేరడానికి సిద్ధమైన సీజనల్ ఉద్యోగులకు ఇచ్చిన అవకాశాల్ని వెనక్కి తీసుకున్నారు. తర్వాత మళ్లీ అనుమతించారు. ఈలోగా చాలామంది వేరే దారి చూసుకున్నారు. నా తోటివాళ్లలో ఎంతో తెలివైనవాళ్లు, నలభై దాటాక కూడా ప్రతి శీతాకాలం మళ్లీ దరఖాస్తు పెట్టుకుంటూ, సామాను మొత్తం కారులో పెట్టుకుని బతకడం నేను దగ్గరగా చూశాను. పని కాలానికి కట్టుబడి ఉండొచ్చు, మనిషిని అలా వదిలేయకూడదు. ఆరు నెలలు అడవిలో, ఆరు నెలలు హైదరాబాదులో వారసత్వ శాఖ దగ్గర కూర్చుని, తెచ్చిన నమోదులు సరిచూసి, మ్యాపులు గీసే పని ఇవ్వండి. జీతం పన్నెండు నెలలదీ ఇవ్వండి. వచ్చే ఏడాది అదే మనిషి అదే రేంజికి వెళ్లాలి.

ఇంకో విషయం ఉంది. నాకన్నిటికంటే ముఖ్యమైనది, అందుకే కాస్త పొడవుగా రాస్తున్నాను.

మెసా వర్డే ఇళ్ల సంగతి బయటి ప్రపంచానికి తెలిసిన తొలి రోజుల్లో, 1891లో, గుస్తాఫ్ నోర్డెన్‌షోల్డ్ అనే స్వీడన్ యువకుడు వచ్చి తవ్వి, వస్తువులతో పాటు మనుషుల అవశేషాలూ ఓడకెక్కించాడు. అవి చివరికి ఫిన్‌లండ్ మ్యూజియానికి చేరాయి. ఆ పూర్వీకుల వారసులైన హోపీ, జూనీ తదితర ప్యూబ్లో తెగల వాళ్లు అడగ్గా అడగ్గా, 2020లో దాదాపు 20 మంది అవశేషాలు తిరిగొచ్చాయి, పార్కులోనే మళ్లీ మట్టి చేశారు. నూట ఇరవై తొమ్మిదేళ్లు పట్టింది. అదే పార్కు హద్దులు గీసిన తర్వాత ముఖ్యమైన ఇళ్లు కొన్ని యూట్ తెగ భూమిలో ఉన్నాయని తేలితే, ఆ తెగతో భూమి మార్పిడి చేయించి పార్కులో కలిపారు. 1913లో అది ఖరారైంది. రక్షణ పేరుతో జరిగిన అన్యాయాలివి, ఇప్పుడు పార్కుల వాళ్లే తమ సమాచార కేంద్రాల్లో రాసిపెట్టుకుంటున్నారు.

మన దగ్గర కోయ గూడెంలో, చెంచు పెంటలో ఇలాంటిది జరగకూడదు. ఒక చోట పాత సమాధి దొరికిందని పక్కనున్న గూడేన్ని కదిలించే పని మొదలైతే, రేపటి నుంచి ఏ కోయ పిల్లవాడూ తనకు తెలిసిన రాయిని మనకు చూపించడు. చూపించకపోవడమే సరైనది కూడా. 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కుకు పురావస్తు నమోదు అడ్డు రాదని మీ ఉత్తర్వులోనే మొదటి వాక్యంగా రాయండి. నేనడిగిన పురావస్తు జట్టులో సగం ఉద్యోగాలు అక్కడి వాళ్లకే ఇవ్వండి. న్యూమెక్సికోలోని చాకో లోయలో 1937లో నవాహో మేస్త్రీలతో ఓ దళం కట్టారు. శిథిల గోడల్లో సున్నితంగా మట్టి నింపి, రాయి జరగకుండా నిలబెట్టే పని తండ్రి నుంచి కొడుక్కు వచ్చింది. ఆ గోడలు ఇవాళ నిలబడి ఉన్నాయంటే వాళ్ల చేతి చలవే. అమ్రాబాద్‌లో బేస్ క్యాంపుల్లో పనిచేస్తున్న చెంచులు పులి జాడ పట్టడంలో ఎలాంటివాళ్లో మీ అధికారులకు నేను చెప్పాలా. పెంకు పట్టడం వాళ్లకు ఒక వేసవి నేర్పితే చాలు.

గుప్తనిధుల భయం గురించి కూడా మీ అధికారులు అడుగుతారు. పాత రాయి కనబడితే రాత్రికి రాత్రి తవ్వేసే ముఠాలు మనకు కొత్త కాదు. నమోదు చేస్తే వాళ్లకు దారి చూపినట్టు అవుతుందని అంటారు. అమెరికాలో 1979లో వచ్చిన పురావస్తు వనరుల రక్షణ చట్టం ప్రకారం స్థలాల ఆనవాళ్లు బయటపెట్టడం వల్ల వాటికి హాని కలిగేట్టుంటే గుట్టుగా ఉంచుతారు, సమాచార హక్కు కింద అడిగినా ఇవ్వరు. మా మ్యాపులు మా చేతిలోనే ఉంటాయి, సందర్శకుడికి పార్కు గేటు దగ్గర ఇచ్చే మ్యాపులో అవి కనబడవు. మన దగ్గరా జీపీఎస్ గుర్తులు అటవీ, వారసత్వ శాఖల మధ్యే ఉండాలి. పత్రికకు ఇచ్చే ప్రకటనలో మండలం పేరు కూడా అక్కర్లేదు. ఎవరికీ తెలియని చోటును తవ్వితే మనకు తెలిసేది ఎప్పుడు? నమోదైన చోటికి బీట్ ఆఫీసరు నెలకోసారి వెళ్లి వస్తే, తవ్వినవాడు కనీసం ఆ నెలలోనే దొరుకుతాడు.

2017 తెలంగాణ వారసత్వ చట్టం ఉంది, 1958 కేంద్ర చట్టం ఉంది. కొత్త చట్టం అడగడం లేదు. నేను కోరేది ఒక ఉత్తర్వు: అభయారణ్యాల్లో యంత్రంతో మట్టి కదిలించే ఏ పనికైనా, అది మీ శాఖ సొంత పనైనా సరే, ముందు ఆ నేల మీద పురావస్తు నడక జరిగి ఉండాలి. దరఖాస్తు గడిలో 'లేదు' అని రాసిన చోట, నడిచింది ఎవరు, ఏ తేదీన అనే మాట కూడా రాయాలి. మొదటి ఏడాది రాష్ట్రమంతా అక్కర్లేదు. తాడ్వాయి రేంజి ఒక్కటి చాలు.

ఇక్కడ నేను వాడే సర్వే ఫారాన్ని మన నేలకు తగ్గట్టు తెలుగులోకి మార్చి పెట్టుకున్నాను. జునిపరు స్థానంలో టేకు, కివా అనే అక్కడి పూజాగది స్థానంలో రాకాసి గుడి, ఇనుప చిట్టెం కోసం వేరే గడి. రెండు పేజీలే, బీట్ ఆఫీసరు ఫోనులో నింపుకునేట్టు ఉంది. దాన్ని ఈ లేఖతో పాటు మీ కార్యాలయానికి పంపుతున్నాను. నా సీజను అక్టోబరులో ముగుస్తుంది. డిసెంబరులో ఊరికి వస్తున్నాను. మీరు రేంజి ఆఫీసుకు ఒక మాట చెప్తే, నా ఖర్చులతోనే వచ్చి అక్కడి సిబ్బందితో, ఇద్దరు ముగ్గురు కోయ యువకులతో కలిసి మొదటి వరస నడుస్తాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మాత్రం మీ బీట్ ఆఫీసరే చెప్పాలి. 2024 గాలికి కూలిన చెట్ల గుంతల్లో ఇంకా పూడనివి ఏవైనా ఉంటే, ముందు అటు తీసుకెళ్లమని అడుగుతాను.

ఇట్లు,
ములుగు జిల్లా బిడ్డ, సీజనల్ ఆర్కియాలజిస్టు